బెల్లం అడగని రోజు

1956 చలికాలం. చోడవరం ప్రభుత్వాసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి కొద్దికాలమే అయింది. ఊరి చుట్టూ ఎటు చూసినా చెరకే. చెరకు రసం కాచి బెల్లం వండటం మొదలైందంటే ఆసుపత్రి వరండాలో నిలబడినా ఆ తీపి పొగ ముక్కుకు తగిలేది. అందరికీ నోరూరేది. నాకు మాత్రం ఆ ఏడాది ఆ వాసన తగిలితే చాలు, భయం పట్టుకునేది. అందుకు కారణం రత్నం అనే ఎనిమిదేళ్ల పిల్ల.

రత్నానికి డయాబెటిస్. పెద్దవాళ్లకు నెమ్మదిగా వచ్చే మధుమేహం కాదు, పసిపిల్లల్ని పట్టుకునే రకం. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. రోజూ సూదితో ఎక్కించకపోతే పిల్ల దక్కదు. ఎండుపుల్లలా అయిపోయి స్పృహ తప్పితే విశాఖపట్నం పెద్దాసుపత్రికి మోసుకెళ్లారు. అక్కడ బతికించి, ఇన్సులిన్ సీసాలు చేతికిచ్చి పంపారు. పొద్దున, సాయంత్రం ఇంజక్షన్ ఇచ్చే పని మా డాక్టరుగారు నాకు అప్పగించారు. ఐసుపెట్టె ఎక్కడ దొరుకుతుంది ఆ రోజుల్లో? తడి ఇసుకలో కుండ పెట్టించి, అందులో సీసా దాచేవాళ్లం.

వాళ్ల ఇల్లు ఊరి చివర. ఇంటి వెనకే చెరకు గానుగ, గానుగ పక్కనే రసం కాచే పెద్ద బెల్లం పెనం. చూడండి నా కర్మ! తీపి ముట్టకూడని పిల్లకి కాపురం బెల్లం పొయ్యి పక్కన. తల్లి లేదు, నానమ్మే పెంచింది. తండ్రి సన్నిబాబు ఒక మాట పట్టుకుంటే వదిలే మనిషి కాదు. తీపి తింటే పిల్ల చచ్చిపోతుందని పెద్దాసుపత్రిలో ఎవరో చెప్పారు. అంతే, అతనికి అదే వేదం.

ఇక నానమ్మ సంగతి. మనవాళ్లకి మందంటే పథ్యం. పథ్యం ఎంత గట్టిగా చేస్తే మందు అంత బాగా పడుతుందని నమ్మకం. పసరుమందుకి అది చెల్లుతుందేమో గానీ ఇన్సులిన్‌కి చెల్లదు. సూది పడ్డాక వేళకి తిండి పడకపోతే రక్తంలో చక్కెర మరీ దిగిపోతుంది. చెమటలు, వణుకు, తర్వాత మతి తప్పడం, ఫిట్స్. దీన్నే ఇన్సులిన్ రియాక్షన్ అంటాం. ఆవిడకి చెప్పాను, మళ్లీ చెప్పాను. ఊఁ కొట్టింది.

ఒక పొద్దున ఇంజక్షన్ చేసి వెళ్లినదాన్ని, స్పిరిట్ సీసా మరిచిపోయి గంట తర్వాత వెనక్కి వచ్చాను. పిల్ల అరుగు మీద గజగజ వణుకుతోంది.

"అన్నం పెట్టావా మామ్మా?"

"ఇంకా నేదమ్మా. కడుపు కాళీగా ఉంటే మందు బాగా పడతాదని..."

"నీ పథ్యం తగలెయ్య! బెల్లం తే ముందు!"

"ఒలమ్మో! బెల్లవా? ఇసం కదేటమ్మా!"

"ఇప్పుడు అదే మందు. తెస్తావా, నన్ను పొమ్మంటావా?"

ఏడుస్తూనే తెచ్చింది. ముక్క చప్పరించాక పిల్ల ముఖం తేటపడింది. లేచి కూర్చుని, వేళ్లు నాక్కుంటూ అడిగింది: "సిస్టరమ్మా, ఈ వనుకు మల్లీ ఎప్పుడొస్తాది?"

నేను పకపకా నవ్వేశాను. నానమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

అది నవ్వే మాట కాదని తొందర్లోనే తెలిసింది. బెనెడిక్ట్ సొల్యూషన్ అని నీలంగా ఉండే మందు ఒకటి ఉంటుంది. అందులో కొన్ని చుక్కల మూత్రం వేసి మరగబెడితే, చక్కెర లేకపోతే రంగు మారదు. ఉంటే ఆకుపచ్చ, పసుపు, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. రత్నానిది సాయంత్రమయ్యేసరికి ఇటుక రంగు! ఇన్సులిన్ పాడైందా, నా లెక్క తప్పిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

సంగతి ఒక సాయంత్రం బయటపడింది. పాకం దింపే వేళకి వెళ్లాను. పిల్ల వణుకుతోంది, నానమ్మ ముక్క నోట్లో పెడుతోంది. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే పొడిగా ఉంది. చెమట లేని వణుకు ఎక్కడైనా ఉంటుందా?

"ఒసే, ఇదంతా నాటకమా?"

రత్నం బుగ్గన ముక్క దాచుకుని కిసుక్కున నవ్వింది. పక్కనే ఉన్న సన్నిబాబు విన్నాడు. చేతిలో గరిట విసిరికొట్టి కూతురి వైపు వేలు చూపాడు. "ఇంక ఈ గుంట ఏటి సెప్పినా సరే, బెల్లం పెట్టినోల సెయ్యి ఇరిసేస్తాను!"

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నిజం రియాక్షన్ వస్తే ఎవరు నమ్ముతారు? డాక్టరుగారితో చెప్పుకున్నాను. "నిజమో అబద్ధమో తేలనప్పుడు ఇచ్చెయ్యాలమ్మా. చక్కెర పెరిగితే రేపు సర్దుకోవచ్చు. పడిపోతే ఆ పిల్లకి రేపు ఉండదు" అన్నారు. అదే సన్నిబాబుకి చెప్పాను.

"అబద్దం అన్నదీ మీరే, ఇమ్మంటన్నదీ మీరే. ఏటమ్మా ఇది?" అన్నాడు.

అప్పటినుంచి నాకు వార్డులో కాలు నిలిచేది కాదు. కట్టు కడుతుంటే వాళ్ల ఇల్లే గుర్తొచ్చేది. ఒక రోజు మధ్యాహ్నం కాకుండానే మనసు పీకింది. ఆసుపత్రిలో చెప్పి, ఎండలో పడి వాళ్లింటికి నడిచాను.

సన్నిబాబు పొయ్యి దగ్గర సంతోషంగా ఉన్నాడు. "సూడండి సిస్టరమ్మా, ఇప్పుడే పాకం దింపేను. గుంట ఒక్కసారి అడగనేదు. బుద్ధొచ్చింది!"

రత్నం చెరకు పిప్పి కుప్ప మీద కూర్చుని ఎటో చూస్తోంది. పొద్దున్నించీ పిల్లలతో చెరకు మోస్తూ ఎగిరిందట. పిలిస్తే పలకలేదు. ఉండబట్టలేక బెల్లం ముక్క విరిచి నోటి దగ్గర పెట్టాను.

"నాకొద్దు! పో!" అని నా చేతి మీద కొట్టింది.

రత్నం బెల్లం వద్దనడమా! వీపు మీద చెయ్యి వేస్తే గౌను తడిసి ముద్దయి ఉంది. చక్కెర బాగా పడిపోతే మనిషికి తిక్క పుడుతుంది, ప్రాణం నిలిపేదాన్నే తోసేస్తారు.

"సన్నిబాబూ! చెరకు రసం పట్రా!"

అతను కదల్లేదు. "మీరే కదా నాటకం..."

"పిల్ల చచ్చిపోతోందయ్యా! పరుగెత్తు!"

ఈసారి పరుగెత్తాడు. పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని, దవడ పట్టుకుని, కొద్దికొద్దిగా రసం పోశాడు. పిల్ల అతని వేలు కొరికేసింది. రక్తం వచ్చినా వేలు లాక్కోలేదు. చాలాసేపటికి రత్నం కళ్లు నిలిపి చూసి, "నాన్నా, నువ్వే ఇస్తన్నావా?" అంది. అంత మనిషీ బావురుమన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

కాస్త తేరుకున్నాక అడిగాను. "ఎందుకే అన్నాళ్లూ అబద్ధమాడావు?"

"అడిగితే ఎవులిత్తారు? వనికితేనే కదా ఇచ్చేరు."

ఆ పిల్ల తప్పేముంది? ఇంటి వెనక పెనాలకు పెనాలు పాకం ఉడుకుతుంటే, జబ్బు ముదిరితే తప్ప ఒక్క ముక్క దొరకదని మేమే నేర్పాం.

డాక్టరుగారిని అడిగి ఒక ఏర్పాటు చేశాను. సాయంత్రం ఇంజక్షన్ అయ్యాక, అన్నం కాస్త తగ్గించి, చివర్లో చిన్న బెల్లం ముక్క. ఎవరైనా మాడుగుల నుంచి హల్వా తెస్తే ఆ రోజు బెల్లం బదులు అది. ఇదంతా వణక్కుండానే, దర్జాగా. ఇక వణుకొస్తోందంటే మాత్రం ఎవరూ ఎదురడక్కుండా వెంటనే పెట్టాలి. సన్నిబాబు పిల్ల తల మీద చెయ్యేసి ఒప్పుకున్నాడు. పరీక్షలో అప్పుడప్పుడు ఆకుపచ్చ వచ్చేది. రానీ అనుకున్నాను.

తర్వాత ఎన్ని ఊళ్లు మారినా, ఎవరికి పథ్యం చెప్పాల్సి వచ్చినా, ముందు నీకేది ఇష్టమని అడిగేదాన్ని. మనతో నిజం చెబితే నష్టపోతామని రోగికి అనిపించిందంటే, ఇక మన వైద్యం గుడ్డి వైద్యమే.

నా భయం మాత్రం అంత తొందరగా వదల్లేదు. ఒక పొద్దున ఇంజక్షన్ కోసం వెళితే, గుమ్మంలోనే రత్నం ఎదురొచ్చి బెల్లం కావాలంది. సంచి కింద పడేసి దాని నుదురు తడిమాను. "వణుకొస్తోందా?" అన్నాను.

తన రెండు చేతులూ చాపి, జాగ్రత్తగా చూసుకుంది.

"నేదు సిస్టరమ్మా. తినాలనుంది, అంతే."