చిరాకు కాదు, కోపం

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను గోదావరిఖనిలో మా బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసుకు ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ అధికారిగా వేశారు. వానాకాలం అప్పుడే మొదలైంది. చేరీ చేరగానే ఒక విచారణ అప్పజెప్పారు. కార్మికుడి మీద ఫిర్యాదు వస్తే ముందు ఛార్జిషీటు ఇస్తారు, తర్వాత విచారణాధికారి సాక్షులను పిలిచి అడుగుతాడు. వాళ్లు చెప్పేది తెలుగులో, రికార్డయ్యేది ఇంగ్లీషులో. ఆరోపణ రుజువైందో లేదో చెప్పడం వరకే నా పని. శిక్ష సంగతి పైవాళ్లు చూసుకుంటారు.

ఆరోపణ రాజమల్లు అనే టింబర్‌మన్ మీద. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే కార్మికుణ్ని అలా అంటారు. షిఫ్టులో పని నడిపించే ఓవర్‌మన్ మీద అరిచాడని, టోపీ నేలకేసి కొట్టాడని ఫిర్యాదు. రాసినాయన ఇంగ్లీషులో కోపానికి దొరికిన మాటలన్నీ తెచ్చి ఒక్క మనిషికే తగిలించాడు. ఇరిటబుల్, సల్కీ, అగ్రెసివ్, వయొలెంట్. అది చదివి నాకు ఒళ్లు మండింది. ఇరిటబుల్ అంటే ప్రతి చిన్నదానికీ చిరాకుపడేవాడు. సల్కీ అంటే మూతి ముడుచుకుని మాట్లాడనివాడు. అరిచాడని ఫిర్యాదు చేస్తూ అదే మనిషిని ఆ మాట ఎలా అంటారు? అగ్రెసివ్ అంటే మీదికి వెళ్లేవాడు. వయొలెంట్ అంటే చెయ్యి చేసుకున్నవాడు, అది రుజువైతే ఉద్యోగమే పోతుంది. గ్రంపీ ఒక్కటే వదిలేశాడు. పొద్దున టీ అందకముందు నేను గ్రంపీ అని మా అమ్మాయి అంటుంది.

మొదటి సాక్షి ఓదెలు, అదే షిఫ్టులో బొగ్గు ఎత్తే కార్మికుడు. "కస్సుమని లేచిండు సార్" అన్నాడు. చెయ్యి చేసుకున్నాడా అని అడిగాను.

"లేదు సార్. దగ్గరికి గూడ పోలే. టోపీ నేలకేసి కొట్టిండు, గంతే."

అగ్రెసివ్, వయొలెంట్ రెండూ అక్కడితో పోయాయి. ఎందుకు లేచాడని అడిగితే మాత్రం తనకు ఎరుకలేదన్నాడు. అతనికీ రేపు ఆ ఓవర్‌మన్ కిందనే డ్యూటీ.

విచారణకు కార్మికుడు తన తరఫున మాట్లాడటానికి తోటి కార్మికుణ్ని తెచ్చుకోవచ్చు. రాజమల్లు పాషాను తెచ్చుకున్నాడు. "అన్నకు షుగరున్నది సార్. చిరాకు ఎక్కువ. తప్పయిందంటడు, మాఫ్ చెయ్యున్రి" అన్నాడు పాషా. నాకు హాయిగా అనిపించింది. ఇరిటబుల్ అని రాస్తే అది స్వభావం, పైగా జబ్బు వల్ల వచ్చింది. హెచ్చరికతో పోతుంది. స్టెనోకు ఆ మాటే చెప్పబోతుంటే రాజమల్లు లేచి నిలబడ్డాడు.

"గట్ల రాయకున్రి సార్. చిరాకు కాదు. కోపమొచ్చింది."

పాషా అతని చెయ్యి పట్టుకుని లాగాడు. "ఊకో అన్న, నౌకరి పోతది."

నేనూ నచ్చజెప్పాను. ఏంగ్రీ అని రాస్తే అధికారి మీద తెలిసే అరిచినట్టు ఒప్పుకోవడం అవుతుందని, ఉద్యోగం నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేనని చెప్పాను. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. అయినా కూర్చోలేదు.

"రూఫ్ కొట్టి చూసిన సార్, డొల్ల సప్పుడొచ్చింది. ముందుగాల రాయి దింపియ్యమన్న. బొగ్గు ఆగుతది, జల్ది పో అన్నడు ఓవర్‌మన్. చిరాకంటే దోమ కుట్టినా వస్తది. నాకు షుగరని రాస్తే రూఫ్ మంచిగున్నట్టే గద సార్?"

గనిలో పైకప్పును కర్రతో కొట్టి వింటారు. డొల్లగా మోగితే పైన రాయి వదులైందని అర్థం, ఏ క్షణాన్నైనా ఊడిపడుతుంది. దాని కిందికి మనిషిని పొమ్మన్నారు. ఏంగ్రీ అని రాయించాను. ఆ మాట రికార్డులోకి ఎక్కాక దేని మీద అన్నది తేల్చక తప్పదు. ఓదెలును మళ్లీ పిలిచాను.

"డొల్ల సప్పుడు నేను గూడ విన్న సార్" అన్నాడు.

అరిచిన మాట రుజువైంది, దాడి రుజువు కాలేదు అని నివేదిక ఇచ్చాను. పైకప్పు విషయం విడిగా గని భద్రత చూసే రక్షణ విభాగానికి పంపాను. రాజమల్లుకు కొద్దిరోజుల సస్పెన్షన్ పడింది గానీ ఉద్యోగం నిలిచింది. అది కూడా అన్యాయమేనని అతను నా ముందే అన్నాడు, నేను కాదనలేదు. ఓవర్‌మన్‌ను లోపలి పని నుంచి తప్పించారు.

ఆ తర్వాత ఫిర్యాదులో కోపానికి ఎంత పెద్ద ఇంగ్లీషు మాట వాడి పంపినా, నేను మొదట దేని మీద అని అడిగేవాణ్ని. చిరాకు మనిషిలో ఉంటుంది. కోపానికి బయట ఎక్కడో కారణం ఉంటుంది, దాన్ని వెళ్లి చూసి రావాలి. రాజమల్లు అరిచిన అరుపు నిజానికి మాకు అందిన భద్రతా ఫిర్యాదు. మేము దానికి ఛార్జిషీటు ఇచ్చాం.