అమ్మోరి పేరు చెప్పి పోగొట్టిన కన్ను

ఆ రోజు ఫిషింగ్ హార్బర్‌లో అందరికీ నేను పట్టిన సొర కథ చెబుతున్నాను. నా మాటల్లో సొర ఆటో పొడవు దాటి సిటీ బస్సంత అయ్యేసరికి గొంతులో మంట, ఒళ్లంతా కాలిపోయే జ్వరం. సాయంత్రానికి గజ్జల్లో బిళ్లలు కట్టాయి. ఇక్కడ పెంచి చెప్పింది ఆ సొర ఒక్కదాన్నే. మిగతాదంతా జరిగింది.

మూడో రోజు పెదవి మీద, అరచేతుల్లో, చెప్పుకోలేని చోట పొక్కులు. నాతో ఒకే బోటులో పనిచేసే అప్పల్రాజు వచ్చి చూశాడు. విదేశీ ఓడలో పని మానేసి నెల క్రితమే తిరిగొచ్చినవాడు.

"అమ్మోరు పోసినాది బావా. సూదీ మందూ ఏటీ వద్దు. యేపాకేసుకుని తొంగో."

మా ఇంట్లో అమ్మోరంటే ఎదురు మాట లేదు. అయిదు రోజులు వేపాకు మీద పడుకున్నాను. పొక్కుల చేత్తోనే ఎడమ కన్ను నలుపుకున్నాను. కన్ను ఎర్రబడింది, వెలుతురు ముల్లులా గుచ్చుకుంది.

"కన్ను మసకేసిందే," అన్నాను మా ఆవిడతో.

"మొన్న సొర బస్సంతన్నావు. ఇయ్యాల కన్నా?" అంది.

మర్నాడు కూడా నేను కన్ను తెరవకపోతే, భయపడి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ నా బుగ్గల మీది పాత మచ్చలు చూసింది. "చికెన్‌పాక్స్ చిన్నప్పుడే వచ్చిందిగా? మళ్లీ రావడం అరుదు." పొక్కు నుంచి శాంపిల్ తీసి పీసీఆర్ పరీక్షకి పంపింది. ఎంపాక్స్, అంటే మంకీపాక్స్ అని తేలింది.

"చర్మం మీద కనిపించేది కొంతే. గొంతుకీ, కంటికీ, ఒక్కోసారి ఊపిరితిత్తులకీ, గుండెకీ, మెదడుకీ కూడా పోతుంది. మీ కంటి ముందు పొర, కార్నియా, దెబ్బతింది. ముందే రావాల్సింది."

విడి గదిలో ఉంచారు. ఛాతీ నొప్పి వస్తే ఈసీజీ తీశారు. గుండె బాగానే ఉందన్నారు. కన్ను మాత్రం మొండికేసింది.

"ఇలాంటి పొక్కులున్న వాళ్లెవరితోనైనా కలిసి ఉన్నారా?" అని అడిగారు. అంత ఉక్కలో అప్పల్రాజు ఫుల్ హేండ్స్ చొక్కా తొడుక్కోవడం గుర్తొచ్చింది. బోటులో మా ఇద్దరిదీ ఒకే తువ్వాలు. అతనికి ఫోన్ చేశాను.

"నీకూ వచ్చినాదా?"

"మానిపోనాయి బావా. అక్కడ ఓడ డాక్టర్ సెప్పాడు జబ్బు పేరు."

"మరి అమ్మోరన్నావేటి?"

"నువ్వాస్పత్రికెల్తే ఎవరంటించారని అడుగుతారు, నా పేరు బయటపడతాదని…"

పక్కులూడి కొత్త చర్మం వచ్చాకే ఇంటికి పంపారు. ఇప్పుడు ఎడమ కంటికి హార్బరంతా మంచు పట్టినట్టే. అప్పల్రాజు ఎదురైతే ఆ మసక కన్నే అతని వైపు పెడతాను. ఊరందరికీ కథలల్లినవాణ్ని, నాకు చెప్పిన ఒక్క అబద్ధాన్ని పట్టుకోలేకపోయాను.

పొక్కులొస్తే అమ్మోరికి దణ్ణం పెట్టుకోండి. ఆ చెయ్యి కంటికి తగలనివ్వకుండా, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.