లాతై, అరవై సీసాల ఓటాయి

లాతై నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. యాభై రెండేళ్లు వచ్చాయి, మోకాళ్లు రెండూ పట్టేస్తున్నాయి. అయినా మంచి కబురు ఏదైనా చెవిన పడితే ఆ మనిషి ఉన్నచోట ఉండదు. సముద్రం నడుమ మా చిన్న దీవిలోని కొలోంగా ఊళ్లో ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లకు లోపల కొబ్బరికాయ తురుముతున్న చప్పుడో, మొగుణ్ని కేకలేస్తున్న చప్పుడో వినిపిస్తూనే ఉంటుంది. రెండూ వినిపించని రోజున ఇరుగుపొరుగు వాళ్లు కంగారుపడి తలుపు తడతారు.

ఓటాయి చెయ్యడంలో ఆమెకు ఆమే సాటి. బాగా పండిన పుచ్చకాయను చెంచాతో గీరి, అందులో లేత కొబ్బరి తురుము, కొబ్బరిపాలు, ఇంత నిమ్మరసం కలిపి చల్లబరిస్తే ఓటాయి. ఇది మా దీవిలో అందరూ చేస్తారు. కాకపోతే అందరూ పంచదార గుమ్మరిస్తారు. లాతై చెంచాడు కూడా వెయ్యదు. కాయ ఎంచుకోవడం రానివాళ్లకే పంచదార కావాలంటుంది. అసలు కారణం అది కాదు. ఆమె మొగుడు హవేయా చక్కెర జబ్బు మనిషి. మూడేళ్ల కిందట అతని కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు, "చిన్నప్పటి నుంచి ఏం తాగేవాడివి?" అని అడిగితే హవేయా నిజం చెప్పాడు. బళ్లో ఉన్నప్పటి నుంచీ రోజుకు మూడు గ్యాసు డ్రింకులు తాగేవాడట.

అంతే. లాతై ఇంటికొచ్చి బడి మీద పడింది. బడి వరండాలో గ్యాసు డ్రింకుల ఫ్రిజ్ ఒకటి ఉంది. అది పోవాలి, దాని చోట ఓటాయి రావాలి, ఇదే ఆమె పట్టు. హెడ్‌మిస్ట్రెస్ మెలెనైతె వెంట మూడేళ్లు పడింది. చర్చి మెట్ల మీద పట్టుకుంది, చేపల బజారులో పట్టుకుంది, ఒక పెళ్లిలో అయితే పెళ్లికూతుర్ని అవతలికి జరిపి మరీ పక్కన కూర్చుంది.

చివరికి మెలెనైతె రెండు చేతులూ ఎత్తేసింది.

"సరే తల్లీ, సరే! సోమవారం ఆటల పోటీలు. పొద్దున ఏడింటికల్లా నీ ఓటాయి మైదానంలో ఉండాలి. ఫ్రిజ్ కూడా అక్కడే పెట్టిస్తా. రెండింటికీ ధర ఒకటే. పిల్లలు ఎటు పోతారో నేను కళ్లారా చూస్తా. నీ వైపు వస్తే ఫ్రిజ్ తీయించేస్తా. రాకపోతే మాత్రం ఇంక నా ప్రాణం తియ్యకూడదు."

"వస్తారు టీచరమ్మా! రాకపోతే నా పేరు మార్చుకుంటా!"

"ఇంకో మాట. మైదానంలో ప్లాస్టిక్ సీసా ఒక్కటి కనబడినా ఊరుకోను."

లాతై గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వింది. సీసాలు ఎప్పుడో సిద్ధం! ఆక్లాండ్‌లో ఉన్న చెల్లెలు ఓడలో పెద్ద పీపా నిండా సామాను పంపింది. దుప్పట్ల కింద అరవై స్టీలు సీసాలు. మంచి స్టీలు, మూతకు రబ్బరు చుట్టు, కింద పడినా సొట్టపోవు. బళ్లో పిల్లలు కూడా సరిగ్గా అరవై మందే.

శనివారం ఆ ఇంట్లో పండగే అయింది. తెల్లారగానే తోట నుంచి నలభై పుచ్చకాయలు తెప్పించింది. సాయంత్రానికల్లా అరవై సీసాలూ నిండాయి. హవేయా కుర్చీలో కూర్చుని తన ఉక్కు పిడికిలితో మూతలు బిగించాడు. ఒక్క చుక్క కారితే ఒట్టు! ఆ తర్వాత లాతై ఎర్రటి గోళ్లరంగు సీసా తెచ్చి, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కొక్క దాని మీదా ఒక్కొక్క పిల్ల పేరు రాసింది. రెండు పెద్ద తొట్లలో ఐసు పోసి అందులో నిలబెట్టింది.

"ఇంక రేపు పొద్దున తీసుకెళ్లడమే!" అంది నడుం మీద చేతులు పెట్టుకుని.

"అంతే, రేపు పొద్దున్నే," అన్నాడు హవేయా.

ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నవ్వకండి, మా ఊళ్లో ఎవరికైనా తట్టేది కాదు. మాకు శనివారం తర్వాత వచ్చేది సోమవారమే. మధ్యలోది దేవుడి రోజు. ఆ రోజు కొట్టు తెరవరు, అమ్మరు, కొనరు, పొలంలో అడుగు పెట్టరు. పని లెక్కలోకి రాని రోజును ఎవరు లెక్కపెడతారు? మనం లెక్కపెట్టకపోయినా ఐసు కరగడం మానుతుందా, పండ్లరసం పులవడం మానుతుందా?

ఆదివారం పొద్దున చర్చి అయ్యాక పాస్టరు సోసైయా గారు లాతై ఇంటికి భోజనానికి వచ్చారు. ఆడబిడ్డ, హవేయా అక్క లెసియెలి కూడా వచ్చింది. మాలో ఆడబిడ్డ అంటే ఇంటికి పెద్దదిక్కు. ఆవిడ వస్తే తమ్ముడు లేచి నిలబడాలి, మంచి ముక్క ఆవిడ పళ్లెంలో పడాలి. చేమాకులో కట్టి గుంటపొయ్యిలో ఉడికించిన మాంసం తిన్నాక లెసియెలి మూతి తుడుచుకుని, "ఏమే లాతై, ఊరంతా నీ ఓటాయి గురించే గోల. ఒకటి ఇటు పట్రా, రుచి చూసి చెప్తా," అంది.

లాతై ఎగిరి గంతేసినంత పని చేసి తొట్టి దగ్గరికి పరిగెత్తింది. చెయ్యి పెడితే ఐసు లేదు, గోరువెచ్చని నీళ్లు. ఏదోలే అనుకుని సీసా తుడిచి తెచ్చి ఇచ్చింది. లెసియెలి మూత సగం తిప్పిందో లేదో, ఠాప్!

మూత ఎగిరి పైకప్పు రేకుకు తగిలింది. గులాబీరంగు నురగ లేచి పాస్టరు గారి తెల్లచొక్కా నిండా పడింది. లెసియెలి కుర్చీతో సహా వెనక్కి పడబోతే హవేయా పట్టుకున్నాడు.

"చంపేద్దామనుకున్నావా నన్ను!" అని అరిచింది లెసియెలి.

పాస్టరు గారు చొక్కా మీది నురగను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు. కాసేపు ఆలోచించారు.

"అమ్మా లాతై, ఇది పిల్లలకిచ్చేది కాదు తల్లీ."

లాతై సీసా లాక్కుని ఒక గుక్క తాగింది. పుల్లగా, ఘాటుగా, నోరంతా చురచురలాడింది. "కల్లు! అయ్యగారూ, కల్లయిపోయింది!"

"ఇది తాగించి పరిగెత్తమంటే పిల్లలు అడ్డంగా పరిగెడతారే," అన్నాడు హవేయా.

తొట్టి వైపు నుంచి సన్నగా బుసలు వినబడుతున్నాయి. ఇంకా యాభై తొమ్మిది సీసాలు.

"ఆదివారం పూట ముట్టుకోవచ్చా అయ్యగారూ?" అని అడిగింది లాతై.

"పేలబోయేదాన్ని ఆపడం పనెలా అవుతుందమ్మా? ముఖం పక్కకు పెట్టండి, మూత మీద గుడ్డ వెయ్యండి, మెల్లిగా తిప్పండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు," అని ఆయనే ముందుగా చొక్కా చేతులు పైకి మడిచారు.

నలుగురూ పెరట్లో కూర్చుని ఒక్కొక్క సీసా బుస తీసి, లోపలిది అరటిమొక్కల మొదట్లో పారబోశారు. నలభై కాయలు, పదిహేను కొబ్బరికాయలు, ఒక రోజంతా పడ్డ చాకిరీ నేలపాలయ్యాయి. లెసియెలికి నోరు ఆగలేదు.

"శనివారం నుంచి సోమవారానికి ఎన్ని గంటలో వేళ్ల మీద లెక్కపెట్టుకోలేవా? మూతలు బిగించినవాడు కూడా మొద్దావతారమే! పిల్లలు తాగేది రెండు రాత్రులు మూసిపెడతారా ఎవరైనా?"

"అవును వదినా, నాదే తప్పు. మూడేళ్లు ఆవిడ కాళ్లావేళ్లా పడ్డాను. రేపు ఖాళీ చేతులతో పోతే ఆ ఫ్రిజ్ ఇంక కదలదు. కాయలు కొందామంటే ఇవాళ ఎవరూ అమ్మరు. ఐసు కొట్టు మూత. నేనేం చెయ్యను?" అని లాతై మెట్టు మీద కూలబడింది.

పాస్టరు గారు చొక్కా పిండుకుంటూ అన్నారు. "సాయంత్రం ఆరాధనలో లేచి ఈ మాటే చెప్పు. ఇవాళ అమ్మకూడదు, కొనకూడదు. నోరు తెరిచి అడగకూడదని ఎక్కడా లేదు."

సాయంత్రం చర్చిలో లాతై లేచి నిలబడింది. దాచకుండా అంతా చెప్పేసింది. ఆదివారాన్ని లెక్క మరిచానంది. హవేయా వేళ్ల సంగతి చెప్పింది, ఫ్రిజ్ సంగతి చెప్పింది. మూత ఎగిరిన సంగతి చెప్పేసరికి వెనక బెంచీల్లో కిసకిసలు, ఆ తర్వాత చర్చి మొత్తం పగలబడి నవ్వింది. ఆమె ముఖం కందగడ్డయింది. అయినా కూర్చోలేదు.

నవ్వు ఇంకా సద్దుమణగకముందే ముందు వరసలో లెసియెలి లేచింది.

"నా తోటలో పన్నెండు కాయలున్నాయి. అమ్మను. ఇస్తున్నా. తెల్లారగట్ల వచ్చి కోసుకోండి."

అయిపోయింది! మా ఊళ్లో ఇవ్వడమనే మాట ఒకరు ఎత్తితే ఇంకొకరు ఊరుకుంటారా?

"పన్నెండేనా? మావి ఇరవై రాసుకో!"

"కొబ్బరికాయలు మావి! ఎవరూ తేవద్దు, నేనే తెస్తా!"

"మా చేపల పెట్టెలో ఐసు నిండుగా ఉంది."

"నీ ఐసు చేపల కంపు కొడుతుందయ్యా!"

"సంచుల్లో కట్టి ఉందిలే, నీ ముక్కు మూసుకో!"

లాతై నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

సోమవారం కోడి కూయగానే ఆమె పెరట్లో పదిహేను మంది ఆడవాళ్లు చేరారు. సీసాల మూతల్లోంచి రబ్బరు చుట్లు ఊడదీసి, అన్నిటినీ మరిగే నీళ్లలో ముంచి, సీసాలను కంచె కర్రలకు తలకిందులుగా తగిలించారు. హవేయా ఒక్కొక్క మూతా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి గానీ పంపలేదు. ఓటాయిని ఈసారి సీసాల్లో పొయ్యలేదు. మూత పెట్టిన బకెట్లలో పోసి, ఐసులో కూర్చోబెట్టి, ఖాళీ సీసాలు వేరే బుట్టల్లో వేసుకుని ఏడుకు పది నిమిషాలుండగా మైదానం చేరారు.

ఇరవై అడుగుల దూరంలో ఫ్రిజ్ తెల్లగా నిలబడి ఉంది. మొదటి పరుగు పందెం అయిపోయింది. చెమటలు కారుతూ ఆరుగురు పిల్లలు వచ్చారు. వచ్చి తిన్నగా ఫ్రిజ్ దగ్గరికే పోయారు. లాతై చేతిలో గరిటె ఆగిపోయింది. మెలెనైతె గొడుగు కింద నిలబడి చూస్తోంది.

"పిలవవే! ఇంట్లో అరుస్తావు కదా, ఇక్కడేమైంది?" అన్నాడు హవేయా.

లాతై బుట్టలోంచి ఒక సీసా తీసి, దాని మీది పేరు చదివి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని కేకేసింది. "ఆకొసీతా! ఏయ్ ఆకొసీతా! నీ సీసా నా దగ్గరుంది!"

జడలు ఎగరేసుకుంటూ ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. సీసా తిప్పి చూసుకుంది. "నా పేరే! నాదేనా? ఇంటికి తీసుకుపోవచ్చా?"

"నీదే. కడిగి తెచ్చుకుంటే రోజూ నింపుతా. రబ్బరు చుట్టు తీసి కడగాలి, తెలిసిందా? మూడు గంటల లోపల తాగెయ్యాలి. మిగిలితే మీ పందికి పోసెయ్, దాచకు."

ఆకొసీతా ఒక గుక్క తాగింది, ఇంకో గుక్క తాగింది, తర్వాత సీసా దించలేదు. "చల్లగా ఉందే!" అని వెనక్కి తిరిగి అరిచింది. "ఒరేయ్, మీ పేర్లు కూడా ఉన్నాయిరా!"

ఇంక చూడండి! నాదేది, నాదేదంటూ పిల్లలు మీదపడ్డారు. పోసేవాళ్ల చేతులు చాల్లేదు. లెసియెలి నడుం బిగించి, "వరసలో రండర్రా! మీ ముత్తాతలు కూడా ఇలాగే తోసుకునేవాళ్లు!" అని అదిలిస్తోంది. తొమ్మిదింటికి రెండో బకెట్, పదింటికి మూడోది. ఫ్రిజ్ దగ్గర అమ్మేవాడు కాసేపు విసనకర్రతో విసురుకున్నాడు. తర్వాత తలుపు మూసి, గిరాకీ లేదని చెట్టు నీడకు పోయి పడుకున్నాడు.

పదిన్నరకు మెలెనైతె గొడుగు మడిచి వచ్చింది. ఒక గ్లాసు తాగింది. ఇంకొకటి పొయ్యమంది. తర్వాత ఎవరినో పిలిచి ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించింది. నలుగురు మనుషులు వెళ్లి ఫ్రిజ్‌ను తోపుడుబండి మీదికి ఎత్తారు.

"గెలిచావు," అంది లాతైతో. "రేపటి నుంచి రోజూ వచ్చెయ్."

లాతై పక్కన చేతికర్ర మీద ఆనుకుని హవేయా బండి గేటు దాటేదాకా చూశాడు. ఆ తర్వాత మైదానంలో చెప్పుల్లేకుండా పరిగెడుతున్న పిల్లల వైపు తిరిగాడు.

"నా వేళ్లు పోతే పోయాయే. వీళ్లకి పదికి పదీ ఉంటాయి," అన్నాడు.

లాతై అప్పుడు ఏడ్చింది. అందరి ముందూ, సిగ్గుపడకుండా, గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే ఎదురుగా నిలబడ్డ పిల్ల సీసా అందుకుని అంచుల దాకా నింపి ఇచ్చింది.