అత్త తన నోటితో చెప్పిన మాట

నా చిన్నప్పుడు సింగపూర్‌లో, మా హౌగాంగ్ ఫ్లాట్‌లో నానమ్మ పక్కన పడుకునే చోటు నాది. ఎనిమిదో ఏట అది పోయింది. మూడేళ్లు జైల్లో ఉన్న మా అత్త, అంటే నాన్న చెల్లెలు, విడుదలై ఇంటికొచ్చింది. నా దిండు హాల్లోకి చేరింది. నన్ను ఏనాడూ ముట్టుకోనివ్వని జంతికల గొట్టాన్ని నానమ్మ మొదటి రోజే అత్త చేతికిచ్చింది.

అత్తకు ఎక్కడా పని దొరకలేదు. దరఖాస్తులో జైలు సంగతి అడిగిన చోట నిజమే రాసేది. ఆ తర్వాత ఎవరూ పిలిచేవారు కాదు. కంప్యూటర్ ఉద్యోగాలకని హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు మా బ్లాకులో చాలా ఉండేవి. దీపావళికి వాళ్లిచ్చే జంతికల ఆర్డర్లే ఆమెకు మిగిలిన దారి. నానమ్మ ఆమెను మెచ్చుకున్నప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు కింది అంతస్తు ఆంటీ ఆర్డర్ ఇవ్వడానికి వచ్చి, ఒక జంతిక చేతిలోకి తీసుకుంది. "ఎంత సన్నగా వచ్చాయో! ఎవరు చేశారు?"

"మా అత్తే, ఆంటీ. జైల్ నుంచి వచ్చింది" అన్నాను గబుక్కున.

ఆంటీ జంతికను పళ్లెంలో పెట్టేసింది. ఆయన్ని అడిగి చెబుతానంటూ వెళ్లిపోయింది. సాయంత్రానికి మిగతా ఇళ్లవాళ్లూ వద్దనేశారు.

అత్త మర్నాడు ఒక డబ్బా నాకిచ్చి వెంట రమ్మంది. ప్రతి తలుపూ తట్టి, "జైల్లో ఉన్న మాట నిజమేనండీ. ఇవి నేనే చేశాను. రుచి చూడండి" అంది. నాలుగు తలుపులు మూసుకున్నాయి. ఐదో ఇంటి పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఒకటి కొరికింది. "ఉప్పు తగ్గిందమ్మాయ్. నాకు రెండు కిలోలు చెయ్యి, ఈసారి సరిగ్గా వెయ్యి."

నన్నెందుకు తిట్టలేదని లిఫ్టులో అడిగాను.

"నువ్వు అబద్ధం చెప్పలేదుగా. కానీ అది నా సంగతమ్మా, నేనే చెప్పుకోవాలి" అంది.

ఇప్పుడు నాకూ ఒక కూతురు. దాన్ని చూసుకునే అమ్మాయి తన పాత సంగతి ఒకటి నన్ను నమ్మి చెప్పుకుంది. ఈ సాయంత్రం పాప నన్ను దాటుకుని ఆమె ఒళ్లోకి పరుగెత్తినప్పుడు, అది మా ఆయనకు చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. కుళ్లు ఇంకా తగ్గలేదు, కానీ చెప్పలేదు.