నాలుగు వారాల సూది

తూర్పు జర్మనీలో మాది మందుల ఫ్యాక్టరీ. మా సెక్షన్‌లో వాల్ట్రాడ్ పదిహేడేళ్లు ఆముదం నుంచి హెప్టనోయిక్ ఆమ్లం తీసింది. ఆ ఆమ్లానిది మేక కంపు. ఎంత తోమినా ఒళ్లు వదలదు. ఆమె ట్రాము ఎక్కితే చాలు, "మేకొచ్చింది, కిటికీలు తియ్యండి!" అని మగవాళ్లు అరిచేవారు.

"ఈ మేక కూతురు ఒలింపిక్స్‌లో ఈదుతుంది. అప్పుడు టీవీకి అతుక్కుపోయేది మీరే!" అనేది వాల్ట్రాడ్.

కూతురు ఇనెస్‌కి పద్నాలుగేళ్లు, క్రీడా పాఠశాల హాస్టల్లో ఉండేది. 1979 మార్చిలో ఒకరోజు హాస్టల్ నుంచి వాల్ట్రాడ్‌కి ఫ్యాక్టరీ గేటుకు ఫోను వచ్చింది. అవతల మగ గొంతు విని వార్డెన్ అనుకుంది.

"అయ్యా, మా ఇనెస్‌ని కాస్త పిలుస్తారా?"

"నేనేనమ్మా. జలుబు, అంతే."

ఆ ఆదివారం సెలవుకి ఇంటికొచ్చిన ఇనెస్ సంచిలో నీలి గీత ఉన్న ఖాళీ సూదిమందు సీసా దొరికింది. విటమిన్ అని చెప్పాడట కోచ్. వాల్ట్రాడ్ దాన్ని నాకు చూపించింది. నేను అంతకుముందు పక్క షెడ్డులో ప్యాకింగ్ చేసినదాన్ని, ఆ గీత నాకు తెలుసు. మగ హార్మోనుకు మా ఆమ్లాన్ని అతికించి నూనెలో కలుపుతారు. అలా అతికించడం వల్లే అది ఒంట్లో నింపాదిగా విడుదలై, ఒక్క సూది నాలుగు వారాలు పనిచేస్తుంది.

"అంటే... నేను తీసిందేనా, హెల్మా?"

"ఆఁ. పిల్లని ఇంటికి తెచ్చెయ్యవే."

"రానంటోంది. జూన్‌లో పోటీలట. బెర్లిన్‌లో సర్కారుకి అర్జీ పెడతా. నాలుగు వారాల్లో జవాబివ్వాలని చట్టముంది."

కుళాయి కారినా, బుక్ చేసిన కారు ఏళ్లయినా రాకపోయినా మా వాళ్లందరికీ అర్జీయే దిక్కు. నేనూ వద్దనలేదు, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. పేరు, సెక్షన్, కూతురి బడి అన్నీ గుండ్రని అక్షరాలతో రాసి పంపింది.

సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. ఫ్యాక్టరీ డైరెక్టర్ ఆమెను తన గదికి పిలిపించుకుని చదివాడు. "ఇచ్చేవి విటమిన్లే. మళ్లీ నోరెత్తితే నీ ఉద్యోగం, పిల్ల చదువు రెండూ పోతాయి." చట్టాన్ని తుచ తప్పకుండా పాటించారు, దొంగవెధవలు! ఆ ఉదయమే ఇనెస్‌కి మరో సూది వేశారని సాయంత్రం ఫోనులో తెలిసింది.

మర్నాడు వాల్ట్రాడ్ మామూలుగానే డ్యూటీకొచ్చింది.

"మందు ఆపేస్తే దాని గొంతు మళ్లీ వచ్చేస్తుంది కదే?"

రాదని నాకు తెలుసు. "వస్తుందిలే," అన్నాను.

ఆమె తలూపి, పీపా కింద పెట్టి ఆమ్లం వాల్వు తిప్పింది.