పాచి నీళ్ళు

మా అమ్మ దగ్గర్నుంచి నాకు వచ్చిన ఆస్తి శుభ్రం ఒక్కటే. రాత్రి నిలవున్న నీళ్ళు పాచి నీళ్ళు. తెల్లారగానే బిందెలన్నీ వంపేసి, చింతపండుతో తోమి, మళ్ళీ పట్టుకోవాల్సిందే. తెనాలి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ కర్మాగారం క్వార్టర్స్‌లో కాపురం పెట్టినా ఆ అలవాటు వదల్లేదు. డెబ్బైల మొదట్లో మాట. కుళాయి తిప్పితే తెల్లగా దూకే నీళ్ళను చూసుకుని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తాగే బావినీళ్ళ మీద జాలిపడేదాన్ని. అంత మిడిసిపాటు నాకు.

మా అమ్మాయికి అయిదో ఏట టైఫాయిడ్ వచ్చి తగ్గాక, మావారు హైదరాబాదు నుంచి గాజు జాడీలో రెండు ఎర్రచేపలు తెచ్చారు. మంచం దిగని పిల్లకు అవే లోకం. రోజూ పొద్దున్నే జాడీ తోమి వాటికీ కొత్త నీళ్ళు పోసేదాన్ని. వారం తిరక్కుండా ఒకటి చచ్చిపోయింది. దిష్టి అనుకున్నాం. రెండోది ఎప్పుడూ పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుండేది. ఆకలి కాబోలని ఇంకాస్త మరమరాల పొడి చల్లేదాన్ని.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె పక్క ఊరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. జ్వరంలో నేను పెడితే ఉమ్మేసిన పిల్ల, ఆమె కలిపి పెడితే గంజన్నం తినేది. వానలు మొదలైన రోజుల్లో చుట్టాల పెళ్ళికి పదిరోజులు ఊరెళ్తూ, ఇంటి తాళాన్ని, చేపను ఆమెకే అప్పగించాం.

తిరిగొచ్చి చూస్తే జాడీ ఖాళీ. చేప పెరట్లో, అంట్లకు నీళ్ళు నింపుకునే సిమెంటు గోలెంలో ఉంది. గోలెం గోడలకు పచ్చటి పాచి, నీళ్ళ మీద రాలిన ఆకులు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నల్లా రెండు దినాలు రాలేదమ్మా. గందుకే గోలెంల ఏసిన. మంచిగనే తిరుగుతుంది, సూడుండ్రి," అంది.

నిజంగానే తిరుగుతోంది. నాకు పాచి తప్ప ఏమీ కనపడలేదు. చేపను తీసి, జాడీ తళతళా తోమి, నిండా కుళాయి నీళ్ళు పట్టి అందులో వేశాను. సాయంత్రానికి వెల్లకిలా తేలింది.

పిల్ల ఏడుపు చూడలేక నోటికొచ్చింది అనేశాను. "ఆ మురుగులో పదిరోజులు ఉంచావు, ఇంకేం బతుకుతుంది? నీ చేతిలో పెట్టి వెళ్ళడం నాదే బుద్ధితక్కువ."

పిల్ల ఆ మాట పట్టుకుంది. మర్నాడు ఆమె ముద్ద కలిపితే, "నువ్వే చేపను చంపావు," అని మొహం తిప్పుకుంది. ఆమె చెయ్యి కడుక్కుని గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా పిల్లను ముట్టుకోలేదు.

నెల గడిచింది. పక్క క్వార్టర్ పెద్దాయన కాలనీ నీళ్ళ ట్యాంకు దగ్గర పనిచేసేవారు. మాటల్లో చేప సంగతి వచ్చింది.

"పట్టిన నీళ్ళు పట్టినట్టే పోశారా? వాటిలో బ్లీచింగ్ పౌడరు కలుపుతామమ్మా. వానాకాలం ఇంకాస్త ఎక్కువ. మనకేం కాదు, చేపకు విషం. పాపం, ఊపిరాడక గుటకలేస్తుంది. నీళ్ళు ఒకటి రెండు రోజులు నిలవుంచి, కొంచెం కొంచెంగా మార్చాలి."

నిలవుంచాలట. నేను ఛీ అన్న పాచినీళ్ళలో అది పదిరోజులు హాయిగా తిరిగింది. నేను పట్టిన నీళ్ళలో ఒక్క పూట బతకలేదు. మొదటిదాన్ని చంపిందీ నేనే. సిగ్గుతో ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే ఆమె గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె తోమడం ఆపి, బూడిద అంటిన చేతుల వంక చూసుకుంది.

"నా చెయ్యే మంచిది గాదేమో అనుకున్ననమ్మా. మా కోడలు కాన్పయి ఇరవై దినాలాయె. పసిగుడ్డును ఇప్పటిదాంక ఎత్తుకోలే నేను."

లోపలికి వెళ్ళి పిల్లను తీసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాను. "చేపను చంపింది ఈమె కాదమ్మా. నేను," అన్నాను. పిల్ల నా వంక చూసి, చెయ్యి విడిపించుకుని ఆమె పక్కకు వెళ్ళి కూర్చుంది.

ఆమెను వెంటనే ఇంటికి పొమ్మన్నాను, మనవణ్ణి ఎత్తుకోమని. మిగిలిన గిన్నెలు నేనే తోముకున్నాను.