గడప కింద నలభై ఎనిమిది

1983 వేసవిలో నన్ను ఆత్మకూరులో వేశారు. శాఖ పేరు రాయను. దొంగసొత్తు పాతిపెట్టారని అనుమానం వచ్చిన చోట లోహాన్ని పసిగట్టే యంత్రంతో వెతకడం నా పని అంటే చాలు. అందరూ దాన్ని మిషన్ అనేవాళ్లు. నా దగ్గర రెండుండేవి. పాతది మోయలేనంత బరువు. కింద ఏ లోహమున్నా దాని ముల్లు లేస్తుంది. లోహం ఎంత ఎక్కువుంటే, ఎంత పైన ఉంటే అంత జోరుగా లేస్తుంది. అది ఏ లోహమో మాత్రం చెప్పదు. కొత్తది లోహం రకాన్ని చూపుతుంది. ఇనుమైతే ఇరవై లోపు, బంగారం యాభైకి అటూ ఇటూ, రాగి, వెండి ఎనభై పైన. అంటే ఒక మిషన్ మీద యాభైకి ఉన్న అర్థం ఇంకోదాని మీద యాభైకి లేదు. కొత్తది చేతికొచ్చి మూడు వారాలైనా కాలేదు, నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఉదయగిరి దగ్గర ఒక రైతు ఇంట్లో కాసులపేరు పోయింది. ఆ వారమే వాళ్ల తలుపులు బాగుచేసి వెళ్లిన ఖాదర్ మీద అనుమానం పడింది. ఖాదర్ కొయ్య గరిటెలు చెక్కి అమ్ముకునే పనివాడు. రెండు రోజులుగా అతన్ని స్టేషన్ నుంచి ఇంటికి పంపలేదు. అతని ఇంట్లో నగ దొరికితే రిమాండు, దొరక్కపోతే వదిలేయడం. దర్యాప్తు అధికారి ఆ మాట జీపులోనే నాతో చెప్పారు. నా నోటి నుంచి వచ్చే మాట మీదే అతని బతుకు ఆధారపడి ఉందని నాకు తెలుసు.

ఖాదర్‌ను వెంటబెట్టుకుని అతని ఇంటికి చేరేసరికి పదకొండు గంటలు, అప్పటికే ఎండ మండిపోతోంది. ఉలులు, మేకులు, రంపపు ముక్కలు ఇల్లంతా చెదిరి ఉన్నాయి. అడుగు వేస్తే మిషన్ మోత. వాటిని ఏరి బయట పెట్టించి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అధికారి కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతూ అయిదు నిమిషాలకోసారి, "ఏందయ్యా, ఉండాదా లేదా?" అంటున్నారు. హెడ్‌ఫోన్లలో చెమట కారి చెవులు దురద పెడుతున్నాయి. ఒక్కచోట కుదురుగా నిలబడి వినలేకపోయాను.

ఖాదర్ తల్లి గడప మీద కూర్చుని ఉంది. లేవమన్నాం. లేచింది. గడప మీద కొత్త మిషన్ ఆడిస్తే ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఆగింది. మూడుసార్లు ఆడించాను, మూడుసార్లూ నలభై ఎనిమిదే. పద్ధతి ప్రకారం పాతదాన్ని కూడా ఆడించాను. దాని ముల్లు ఊరికే వణికి ఊరుకుంది. దోసెడు బంగారం జానెడు లోతులో ఉంటే అది గంతు వేయాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా లోతుగా పెట్టి ఉంటాడులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. "దీనికి చెవుడొచ్చింది సార్" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"బంగారమే" అన్నాను.

"నేను దాచింది ఏమీ ల్యా సార్, బిడ్డల మీద ఒట్టు" అన్నాడు ఖాదర్.

"మిషన్ చెప్తుంటే నువ్వేందిరా!" అని అధికారి అతని రెక్క పట్టుకుని జీపు వైపు నడిపించారు.

ముసలామె నా వైపు తిరిగి, "గడప పీకినాక ఇంక ఇల్లేముండాది నాయనా?" అంది. నేను మిషన్ సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఊళ్లో తాపీపని చేసే బేల్దారిని పిలిపించి గడప లేపించాం. జానెడు లోతులో చివికిన గుడ్డముక్క, కొన్ని ధాన్యపు పొట్టులు, ఒక రాగి కాసు, గోరంత గోరంత లోహపు ముక్కలు అయిదు బయటపడ్డాయి. అంతే. ఇంకో మూరెడు తవ్వించినా మట్టి తప్ప ఏమీ లేదు.

బేల్దారి చేతులు దులుపుకుంటూ, "ఇవి ద్వారబంధం నిలబెట్టేటప్పుడు వేసేవి గదా సార్. ఈ ఇల్లు ముందు శెట్టిది. నా చేతులతోనే నిలబెట్టినా. ఖాదర్ మొన్న మొన్న కొనినాడు" అన్నాడు.

ముందే చెప్పొచ్చు గదా అని కసిరాను.

"నన్నెవురడిగినారు సార్? మీరు మిషన్ పెట్టి చూస్తిరి. ఇంకేమన్నా ఉండాదేమో అనుకున్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. పంచలోహాలు ఒకచోట ఉంటే రాగి, వెండి ముల్లును పైకి లాగుతాయి, ఇనుము కిందికి లాగుతుంది. అది మధ్యలో, సరిగ్గా బంగారం ఉండే చోట ఆగుతుంది. మాకు శిక్షణలో విడివిడి ముక్కలే పెట్టి చూపించారు. శిక్షణ మాట అటుంచితే, అంతకు ముందు ఏడాదే నెల్లూరులో మా ఇంటి గడప కింద అవే అయిదు ముక్కలు నేనే వేశాను. సాయిబు ఇల్లు కదా, అవి ఇక్కడెందుకుంటాయి అనుకుని వదిలేసింది కూడా కాదు, అసలు ఆ తలపే నాకు రాలేదు. ఈ ఇల్లు ఎవరు కట్టారని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

మిషన్ చెడిపోయిందని రాసెయ్యమన్నారు అధికారి. రెండు మిషన్లూ బాగానే ఉన్నాయి, పాతది సరిగ్గానే చెప్పింది, అర్థం చేసుకోవడంలో తప్పు నాది అని రాశాను. నెల తిరక్కుండా మెమో వచ్చింది. కాసులపేరు తర్వాత కలువాయి వైపు ఇంకెవరి దగ్గరో దొరికింది.

ఆ రోజు ఖాదర్‌ను అక్కడే వదిలేశారు. అతను మేం బయట పెట్టించిన సామాన్లలోంచి ఉలి, సుత్తి తెచ్చుకుని ఊడిన గడపను సరిచేయడం మొదలుపెట్టాడు. ఆ అయిదు ముక్కలూ, కాసూ నా అరచేతిలో ఉన్నాయి. ఏం చేయమంటావని అడిగాను.

"కట్టినోళ్లు ఏసుకున్యారు. నేనెందుకు తీస్తా?" అన్నాడు తలెత్తకుండా. "తీసింది మీరు. మీరే ఎయ్యండి."

మోకాళ్ల మీద కూర్చుని వేశాను. ముసలామె చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ నా రీడింగుల పుస్తకంలో రెండు మిషన్ల అంకెలూ పక్కపక్కనే రాశాను. రెండూ చెప్పేది ఒకదానితో ఒకటి పొసగకపోతే లోహం పేరు చెప్పేవాణ్ణి కాదు. అంకెలకు ముందు ఇంకో గడి గీసుకున్నాను: ఇల్లు ఎవరు కట్టారు? అది నింపాకే మిషన్ ఆన్ చేసేవాణ్ణి.